నల్లటి నూనె

నా కారు వెనక చక్రం విప్పి చూస్తే షాక్ అబ్జార్బర్ ఒళ్లంతా నల్లటి నూనె, దాని మీద దుమ్ము. మామూలు నూనె కాదది. ఇవి మాగ్నెటిక్ షాకులు, వీటి నూనెలో సన్నటి ఇనప రజను కలిసి ఉంటుంది. పిస్టన్‌లోని కాయిల్‌కి కరెంటు అందగానే ఆ రజను బారులు తీరి, నూనె బిగుసుకుంటుంది. రెప్పపాటు కూడా పట్టదు! 2002లో క్యాడిలాక్ సెవిల్‌తో మొదలై, 2003 మోడల్ కార్వెట్‌కి వచ్చిన పద్ధతి ఇది.

మామూలు షాకులు వేసేయ్, బోలెడు డబ్బు మిగులుతుంది అన్నారు స్నేహితులు. వేస్తే డాష్‌బోర్డులో వార్నింగ్ లైటు, దాన్ని ఆర్పడానికి మళ్లీ ఓ దొంగ రెసిస్టర్. నాకు మనసొప్పలేదు. అదే రకం కొత్తవి, వెనక రెండూ మార్చాను.

పాత కనెక్టర్ క్లిప్పు పెళుసుగా ఉంటుంది, గోటితో మెల్లగా ఎత్తాలి. కింది బోల్టు మాత్రం కారు బరువు చక్రాల మీద పడ్డాకే పూర్తిగా బిగించండి, లేకపోతే రబ్బరు బుష్ మెలిపడి తొందరగా చిరుగుతుంది.

సాయంత్రం గతుకుల మలుపులో తోలాను. వెనక భాగం ఊగలేదు. ప్రాణం లేచొచ్చింది.