బీదరులో జొన్నరొట్టె

మాది జహీరాబాదు దగ్గర పల్లె. బ్యాంకు ఉద్యోగంలో నాకు మూడేళ్ళు బీదరు పోస్టింగు పడింది. ఆర్డరు చూసి మా ఆవిడ "పరాయి రాష్ట్రమా!" అని దిగులు పడితే మా అమ్మ నవ్వింది. "పరాయిదేంది? మీ నాయన పుట్టింది బీదరు జిల్లాలనే" అన్నది.

నిజమే. హైదరాబాదు రాష్ట్రం ఉన్నన్నాళ్ళూ మాది బీదరు జిల్లా. 1956 నవంబరు 1న ఆ జిల్లాను పంచారు. జహీరాబాదు తాలూకా చాలావరకు, నారాయణఖేడ్ మన మెదక్ జిల్లాకు వచ్చాయి. ఉద్గీర్, నీలంగ, అహ్మద్‌పూర్ బొంబాయి రాష్ట్రానికి వెళ్ళాయి. బీదరుతో సహా మిగిలింది మైసూరుకు దక్కింది.

జిల్లాకు మూడు వాటాలైతే మా ఇంటికి రెండే. అయినా అన్నకూ నాకూ ఆరేళ్ళు మాటల్లేవు. నాయన పోయాక బయటపడ్డ ఒక కాగితం మీది సంతకం నాకు అనుమానంగా తోచింది. సంతకాలు సరిచూడటం నా వృత్తి కదా! నలుగురిలో ఆ మాట అనేశాను. రెండేళ్ళ తర్వాత రిజిస్ట్రేషన్ నకలు తెప్పించి చూస్తే సంతకం నాయనదే. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మే నెలలో అన్న, వదిన బీదరు వచ్చారు. నానక్ ఝీరా గురుద్వారా చూడాలని వదిన మొక్కు. అమ్మ పోరు కూడా ఉండే ఉంటుంది. మధ్యాహ్నం అక్కడి లంగరులోనే పంక్తిలో కూర్చుని తిన్నాం. అన్న ఒక చివర, నేను ఒక చివర.

ఎండ తగ్గాక మహమూద్ గవాన్ మదరసాకు తీసుకెళ్ళాను. 1472లో కట్టింది. 1696లో మందుగుండు పేలి ముందు భాగం చాలా కూలింది. మిగిలిన మీనారు మీద నీలి పలకలు ఇప్పటికీ మెరుస్తాయి. గవాన్ బహమనీల ప్రధానమంత్రి. గిట్టనివాళ్ళు ఆయన ముద్ర ఉన్న ఖాళీ కాగితం సంపాదించి, దాని మీద రాజద్రోహపు ఉత్తరం రాయించారని ఫరిష్తా రాశాడు. సుల్తాను నమ్మి 1481లో తల తీయించాడు. బ్యాంకులో కొత్తగా చేరినవాళ్ళకు ఖాళీ చెక్కు మీద సంతకం పెట్టొద్దని నేను ఈ కథే చెబుతుంటాను. ఆ రోజు మాత్రం సగం చెప్పేసరికి గొంతు పెగల్లేదు. అన్న మీనారు వైపు చూస్తూ నిలబడ్డాడు.

రాత్రి మా బ్రాంచి వాళ్ళు వెళ్ళే ఒక చిన్న హోటలుకు పోయాం. వెనక ఆవరణలో నీళ్ళు చల్లి, వేపచెట్టు కింద బల్లలు వేస్తారు. బీదరు పీఠభూమి అంచున ఉన్న ఊరు. పగలెంత మండినా రాత్రి గాలి తిరుగుతుంది. కర్ణాటకలో 'వన్ బై టూ' అంటే ఎవరూ చిన్నచూపు చూడరు. ఒకటి చెప్పి ఇద్దరు పంచుకోవచ్చు. అలాగే ఎణ్ణెగాయి (మన గుత్తివంకాయే), మెంతికూర పప్పు, శేంగా చట్నీ, పెరుగు, పచ్చి ఉల్లిపాయలు చెప్పి బల్ల మధ్యన పెట్టించాను. శేంగా అంటే పల్లీలే. వదిన రుచి చూసి, "ఇదంతా మనింటి వంటే గదా!" అన్నది. జిల్లాను పంచినవాళ్ళు జొన్నరొట్టెను పంచలేకపోయారు.

రొట్టెలు పెనం మీంచి ఒక్కొక్కటే వస్తున్నాయి. మొదటిది అన్న ముందు పెట్టారు. ఆయన దాన్ని రెండుగా చించి, నా వైపు చూడకుండానే సగం నా పళ్ళెంలో వేశాడు. చిన్నప్పుడు పొయ్యి దగ్గర అమ్మ అట్లాగే వేసేది.

"అన్నా, ఆ సంతకం నాయనదే. నేను నకలు చూసిన" అన్నాను.

"ఎప్పుడు చూసినవ్?"

"నాలుగేళ్ళాయె."

మా ఆవిడా వదినా మాటలు ఆపేశారు. అన్న చాలాసేపు నములుతూ ఉండిపోయాడు.

"నాలుగేళ్ళా?" అన్నాడు చివరికి. కాసేపాగి, "వంకాయ కారమున్నది, పెరుగేసుకో" అని గిన్నె నా వైపు జరిపాడు.

బిల్లు సగం సగం వేసుకుందామన్నాను. "ఆ లెక్కలు నీ బ్యాంకుల చూసుకో" అని అన్నే ఇచ్చాడు. తర్వాత టీ తాగాం. నలుగురికీ రెండే చెప్పాడు, నాలుగు గ్లాసుల్లో పోసిచ్చారు.