ఇంటి పేరు అడగని గుంపు

పోయిన భాగంల లండన్‌ల రూమ్ దొరికేదాక పడ్డ తిప్పలు రాసిన. అది చదివి యూనివర్సిటీ తమ్ముళ్లు, చెల్లెండ్లు ఒకటే అడుగుతున్నరు: "అన్నా, అక్కడ జనం మస్తుంటరట కదా, బయటికి పోవాల్నంటెనే భయమైతది, ఎట్ల నెగ్గుకొస్తున్నవ్?" ఈ వారం అదే ముచ్చట.

ముందుగాల పనికొచ్చే మాట చెప్త. శనివారం నాకు మూడు పనులుంటయి: ఇంటికి పైసలు పంపుడు, బియ్యం పప్పు తెచ్చుడు, పోస్టాఫీసుల పార్సిలో బ్యాంకుల కాయిదమో చూసుకునుడు. పొద్దుగాల పది కాకముందే బయటపడాలె. మధ్యాహ్నం దాటితే ఆక్స్‌ఫర్డ్ సర్కస్ దిక్కు పోవద్దు. జనం మీరిపోతె ఆ స్టేషన్ గేట్లే మూసేస్తరు. టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్‌ల దిగి నడుచుడే నయం. ఎస్కలేటర్ మీద కుడిదిక్కు నిలబడాలె, ఎడమదిక్కు ఉరికెటోళ్లది. బ్యాగు వీపుకు కాదు, కడుపుకు. దిగెటోళ్లు దిగినంకనే ఎక్కాలె. గింతే. మిగతాది గోదావరిఖని నేర్పింది.

నవ్వకుండ్రి. షిఫ్ట్ మారే యాళ్ల బాయి మీద నిలబడ్డోనికి గుంపుల మెసులుడు వేరే ఎవలు నేర్పాలె? మా బాపు కోల్ ఫిల్లర్. 30 ఏండ్లు బాయి దిగిండు. చిన్నప్పుడు ఆయనకు సద్ది ఇయ్యపోతే మస్టర్ కాడ, లాంప్ రూమ్ కిటికీ కాడ ఒకటే జనం. తోసుకుంటున్నట్టే కనపడుతరు గానీ ఎవలూ కింద పడరు. "ముందటోని మొకం చూడకు బిడ్డా, భుజం చూడు. భుజం ఎటు తిరిగితె మనిషి అటు పోతడు" అనేది బాపు. విక్టోరియా స్టేషన్‌ల నేను చేసేది గదే.

ఈ ఊరి భూగర్భ రైలు 1863ల షురువైంది. అప్పటికి కరెంటు బండ్లు లేవు, ఆవిరి ఇంజన్లే సొరంగంల తిరిగినయి. ఫోన్‌ల బాపుకు చెప్తే, "మరి గాలి ఎట్ల ఆడింది?" అన్నడు. బాయి మనిషికి ముందుగాల అదే యాదికొస్తది.

బాయిల అందరి మొకాలు మసి కొట్టుకొని ఒకటే రంగైతయి, అక్కడ కులం లేదు అని కవితలు రాసెటోళ్లున్నరు. నేను ఒప్పుకోను. లాంప్ రూమ్‌ల మనిషికి నంబరుంటది నిజమే; దీపం తిరిగి అప్పజెప్పకుంటె ఆ నంబరోడు ఇంక లోపల్నే ఉన్నడని లెక్క. కానీ సద్ది విప్పే యాళ్ల ఎవలు ఎవల పక్కన కూసుంటరో బాపు చెప్పంగ విన్న. క్వార్టర్లకు కూడ నంబర్లే ఉంటయి. అయినా కొత్తగ దిగినోళ్ల కులం కాలనీల వారం తిరక్కముందే తెలిసిపోతది.

ఇక్కడ రద్దీ యాళ్ల రైలెక్కితే ఒకని మోచేయి నా భుజం మీద, ఇంకొకామె కోటు నా చెంపకు. మొదటి వారం ఊపిరాడలే. తర్వాత ఒకరోజు తట్టింది: ఇంతమంది తాకుతున్నరు, నా కులం తెలిసి పక్కకు ఒదిగెటోడు ఒక్కడు లేడు. మా అవ్వ పుట్టిన ఊర్ల హోటల్ కాడ రెండు గ్లాసులు ఉండేటియి. ఎవలికి ఎంత ఎడం జరగాల్నో ఆమెకు చిన్నప్పటి నుంచే కొలత ఎరుక. రేసిజం లేదంటలేను. బస్సంత నిండి నా పక్క సీటు ఒక్కటే చివరిదాక ఖాళీగుండుడు నాకూ ఎరుకే. అయినా ఆ రైలు డబ్బాల నేను కండ్లు మూసుకొని నిద్రపోగలుగుత.

నిద్రపట్టనిది వేరే గుంపుల. బియ్యానికి ఈస్ట్ హామ్ పోత. అక్కడ తెలుగు మాట చెవులవడితె పానం లేచొస్తది. ఒక శనివారం బిల్లు కాడ లైన్‌ల ముంగటాయన నేను ఫోన్‌ల మాట్లాడంగ విని సంబురపడ్డడు. "ఏ ఊరు?" గోదావరిఖని అన్న. "ఓ సింగరేణా! మా మేనమామ అక్కడ్నే ఓవర్‌మన్ చేసిండు. ఇంటి పేరేంది?" చెప్పిన. "అంటె మీరు..." అని ఆపిండు. ఆ చుక్కలు మనమే నింపాలె. "మాదిగోళ్లం అన్నా" అన్న, కౌంటర్ దాక వినపడేటట్టు. ఆయన ఫోన్ చూసుకున్నడు. జర సేపటికి మా నడుమ ఒక మనిషి పట్టేంత జాగ వచ్చింది. ఇసుకేస్తే రాలని దుకాణంల ఒక మనిషి జాగ! వెనుకనుంచి ఒక సోమాలీ పెద్దామె, లైన్ అక్కడికే అయిపోయిందనుకొని, వచ్చి ఆ ఖాళీల నిలబడ్డది.

బాబాసాహెబ్ 1913ల న్యూయార్క్, 1916ల లండన్ వచ్చిండు. ఆ మహానగరాల జనంల ఏండ్లు తిరిగి 1917ల బరోడా పోతె ఉండ జాగ దొరకలే. పార్సీ పేరు పెట్టుకొని సత్రంల ఉంటె కట్టెలు పట్టుకొని వచ్చి వెళ్లగొట్టిండ్రు. ఆయన బరోడా చూసుటానికి సముద్రం దాటి వాపసు పోవాల్సొచ్చింది. మన కాలంల బరోడానే విమానం టికెట్ కొనుక్కొని ఇక్కడికొచ్చింది.

చట్టం సంగతి అడుగుతరు కదా. ఈ దేశంల 2010 సమానత్వ చట్టం ఉంది. కులాన్ని అందుల చేర్చాలని 2013ల పార్లమెంటు సవరణ తెచ్చింది. 2018ల ప్రభుత్వం చేర్చం పో అన్నది, కోర్టు తీర్పులు చాలన్నది. ఇంటిపనికి తెచ్చి వెట్టి చేయించుకున్న ఆదివాసీ మహిళ పర్మిలా తిర్కీ కేసే ఆ తీర్పు. 2015ల ఆమెకు రావాల్సిన జీతం కింద 1,80,000 పౌండ్లకు పైగ ఇయ్యుమని ట్రిబ్యునల్ చెప్పింది. ఆమె పోరాటం పెద్దది. కానీ లైన్‌ల ఒక అడుగు ఎడం జరిగినోని మీద ఏ సెక్షన్ రాయాలె?

ఆ దుకాణానికే ఇప్పటికీ పోతున్న. సోనామసూరి అక్కడ్నే అగ్గువ. ఇప్పుడు ఎవలన్న ఊరు అడిగితె ముందు కులం చెప్పి, తర్వాత ఊరు చెప్తున్న. ఒక్కోసారి లైన్ జల్ది కదులుతది.

వచ్చే భాగంల రూమ్‌ల వంట గిన్నెల పంచాయితి రాస్త.