ఎంతసేపు నమ్మాలి?

మా కొండాపూర్ అపార్ట్‌మెంట్ మీద, నీళ్ళ ట్యాంకు పక్కన, అరచేతిలో పట్టేంత యాంటెన్నా ఒకటుంది. అక్కణ్ణుంచి ఇరవై మీటర్ల కేబుల్ దిగి, నా గదిలో టిఫిన్ డబ్బా అంత పెట్టెలోకి వస్తుంది. సెకనుకి సరిగ్గా కోటిసార్లు ఊగే విద్యుత్ సంకేతాన్ని ఇవ్వడమే ఆ పెట్టె పని. పేరు జీపీఎస్ డిసిప్లిన్డ్ ఆసిలేటర్. ఉపగ్రహాలు క్రమశిక్షణలో ఉంచే గడియారం అనుకోండి.

ఫోన్లో టైమ్ ఉండగా ఇదెందుకని చూసినవాళ్ళంతా అడిగారు. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన ఒక ఆఫీసులో ఒక రాత్రి కొన్ని చెల్లింపులు రెండేసిసార్లు జరిగాయి. తప్పెవరిదో తేల్చడానికి రెండు సర్వర్ల లాగులు పక్కపక్కన పెట్టారు. వాటి ప్రకారం ప్రశ్న కన్నా జవాబే ముందొచ్చింది! ఒక సర్వర్ గడియారం మూడొందల మిల్లీసెకన్లు తేడాగా నడుస్తోందని తెలిసేలోపు, ఉద్యోగంలో చేరి ఆర్నెల్లయినా కాని ఒక కుర్రాడు రెండ్రోజుల పాటు సంజాయిషీలు ఇచ్చుకున్నాడు. గడియారం కూడా సాక్షే. మరి ఆ సాక్షిని విచారించేదెవరు అన్న ప్రశ్న అప్పటినుంచీ నన్ను వదల్లేదు.

నా పెట్టెలో సాక్షులు ఇద్దరు. ఒకటి, చిన్న ఓవెన్‌లో ఒకే వేడి దగ్గర ఉంచిన క్వార్ట్జ్ స్ఫటికం. కోఠీ గుజరాతీ గల్లీలో, విప్పేసిన సెల్ టవర్ సామాన్లలో దొరికింది. స్ఫటికాల విషయంలో పాతదే మేలు. కొత్తలో ఎక్కువగా మారి, ఏళ్ళు గడిచేకొద్దీ కుదుటపడతాయి. ఒక సెకను నుంచి పక్క సెకనుకి దీని నడక చాలా నున్నగా ఉంటుంది. కానీ వారానికీ నెలకీ మెల్లగా దారి తప్పుతుంది, తప్పుతున్నట్టు దానికి తెలీదు.

రెండోది జీపీఎస్. సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఆ ఉపగ్రహాల్లో పరమాణు గడియారాలుంటాయి. 1967 నుంచి సెకను అంటే సీసియం పరమాణువు వెలువరించే తరంగం 919,26,31,770 సార్లు ఊగే వ్యవధి. సాపేక్షత వల్ల పైనున్న గడియారాలు రోజుకి దాదాపు 38 మైక్రోసెకన్లు ముందుకి పోతాయి కాబట్టి, నేలమీదే ఆ మేరకు నెమ్మదిగా తిప్పి పంపుతారు. ఇంత ఘనమైన గడియారాల నుంచి నా చవక రిసీవర్‌కి సెకనుకొకటి చొప్పున వచ్చే టిక్కు మాత్రం ముప్ఫై నానోసెకన్లు అటూ ఇటూ తూలుతూ ఉంటుంది. ఒక్క సెకను చూస్తే స్ఫటికం ముందు నిలవలేదు. ఆ ముప్ఫై నానోసెకన్లే ఒక రోజంతటి మీద పరుచుకుంటే తేడా లక్ష కోట్లలో ఒక వంతు కూడా ఉండదు.

దగ్గరి మాటకి స్ఫటికం, దూరపు మాటకి ఉపగ్రహం. కాబట్టి ఇద్దరిలో ఎవరు నిజం అని అడిగితే జవాబు రాదు. ఎవర్ని ఎంతసేపు నమ్మాలి అని అడగాలి. ఈ పెట్టె కట్టడంలో అసలు పనంతా ఆ ‘ఎంతసేపు’ని కనుక్కోవడమే. వంద సెకన్లకోసారి దిద్దితే ఉపగ్రహపు తూలుడు స్ఫటికానికి అంటుకుంటుంది. పదివేల సెకన్లు ఆగితే, ఈలోగా ఏసీ ఆగి గది వేడెక్కి స్ఫటికం పక్కకి జరుగుతుంది. నా పెట్టెకి వెయ్యి సెకన్ల దగ్గర కుదిరింది.

మన పాతవాళ్ళకి ఇది కొత్త కాదు. అడుగున చిల్లున్న గిన్నెని నీళ్ళమీద వదిలితే, నిండి మునగడానికి పట్టే కాలం ఒక గడియ, అంటే ఇరవైనాలుగు నిమిషాలు. గడియారం అన్న మాటలో ఆ గడియ ఇంకా ఉంది. గడియల లెక్క సూర్యోదయంతో మొదలవుతుంది. అంటే గిన్నె చేసిన పొరపాటు మర్నాటికి మిగలదు, సూర్యుడు దిద్దేస్తాడు.

కట్టడం కన్నా పరీక్షించడం కష్టం. పెట్టె తెరమీద తేడా ఎప్పుడూ సున్నా దగ్గరే చూపిస్తుంది. చూపించదా మరి? ఎవర్ని చూసి రాస్తోందో ఆయన చేతే దిద్దించుకుంటోంది. అందుకని మియాపూర్ మిత్రుడి దగ్గరున్న రుబీడియం గడియారాన్ని తెచ్చాను. దానికి ఉపగ్రహాలతో సంబంధం లేదు. మూడోదిగా, ఎవరూ దిద్దని మరో ఓవెన్ స్ఫటికం. మూడింటినీ జతలుగా పోలిస్తే మూడు తేడాలొస్తాయి, వాటినుంచి ఒక్కోదాని నిలకడ ఎంతో విడివిడిగా లెక్కకట్టొచ్చు. షరతు ఒక్కటే, ఒకదాని తప్పుకీ మరోదాని తప్పుకీ పొత్తు ఉండకూడదు. ఒకే ఏసీ కింద పెడితే మూడూ కలిసి తప్పుతాయి. అందుకే ఒకటి హాల్లోకి, ఒకటి వంటింటి అలమరలోకి వెళ్ళాయి.

రెండు సంకేతాల మధ్య వంద కోట్లలో ఒక వంతు తేడా ఉంటే, ఆసిలోస్కోప్ తెరమీద వంద సెకన్లకో అల జారిపోతుంది. రుబీడియం పక్కన నా పెట్టె అల ఒకటి జారడానికి రెండున్నర గంటల పైనే పట్టింది. పదివేల కోట్లలో ఒక వంతన్నమాట.

వారం రోజుల గీతల్ని ఒకదానిమీద ఒకటి పేర్చి చూస్తే మరొకటి కనిపించింది. రోజూ మధ్యాహ్నం మొదలై రాత్రికి సర్దుకునే చిన్న మూపురం. అది పైనున్న అయనావరణం పని. ఎండకి అక్కడి వాయువులు విద్యుదావేశం పొంది, ఉపగ్రహ సంకేతాన్ని ఆలస్యం చేస్తాయి. భూమధ్యరేఖకి దగ్గర్లో ఉన్న మనమీద ఆ పొర మరీ దట్టం. జీపీఎస్ తనతో పంపే సవరణ సూత్రం ఆ ఆలస్యంలో సుమారు సగాన్నే తీసేస్తుంది. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో బి. రామచంద్రరావుగారూ ఆయన శిష్యులూ దశాబ్దాల పాటు పరిశోధించిన పొర ఇదే. వాళ్ళు రేడియో తరంగాలు పంపి వెతికినదాని జాడ, నా ఇంట్లో ఒక గీత మీద కనబడింది.

అప్పుడప్పుడు పుస్తకాల మీద రాస్తుంటాను కాబట్టి ఒక మాట. చదివిన రాత్రి నాకు కలిగే అభిప్రాయం స్ఫటికం లాంటిది. నున్నగా, ధీమాగా ఉంటుంది. పదిమంది పాఠకుల మాటలు ఏ ఒక్కరోజు విన్నా గందరగోళమే, పదేళ్ళ మీద మాత్రం వాటికి బరువుంటుంది. మొదటిదాన్ని రోజూ దిద్దుకుంటే నాకంటూ చెవి మిగలదు. ఎన్నడూ దిద్దుకోకపోతే అది ఎటు జరుగుతోందో నాకే తెలీదు.

ఇక చేయాల్సింది, మన నావిక్ రిసీవర్ తెచ్చి పక్కన పెట్టడం. ఆ వరసలో మొదటి ఉపగ్రహం ఐఆర్‌ఎన్‌ఎస్‌ఎస్-1ఏలో విదేశాల నుంచి తెచ్చిన మూడు రుబీడియం గడియారాలూ పాడయ్యాయి. అవి పోతే ఉపగ్రహం ఉన్నా దారి చూపలేదు. 2023 మే 29న శ్రీహరికోట నుంచి ఎగిరిన ఎన్‌వీఎస్-01లో మనవాళ్ళు చేసిన రుబీడియం గడియారం ఉంది. నావిక్ వాడే ఎల్5 సంకేతం జీపీఎస్ ఎల్1 కన్నా తక్కువ ఫ్రీక్వెన్సీది, కాబట్టి అయనావరణంలో దానికి దాదాపు 1.8 రెట్లు ఆలస్యమవుతుంది. రెండూ ఒకే మధ్యాహ్నం వేరువేరు మాటలు చెప్తాయి. ఆ తేడాని కొలిస్తే, ఆ పూట కొండాపూర్ మీద ఆకాశం ఎంత దట్టంగా ఉందో తెలుస్తుంది.