నడిసముద్రంలో నూనెపీపా గానం

విశాఖపట్నంలో పుట్టి పెరిగినవారికి ఓడలు కొత్త కావు. సాయంకాలం సముద్రపుటొడ్డున కూర్చుంటే, రేవులో చోటు కోసం లంగరు వేసుకుని ఎదురుచూసే సరకు ఓడల దీపాలు దూరాన వరుసగా కనిపిస్తాయి. చిన్నతనంలో నేను వాటిని లెక్కపెట్టేదాన్ని. కాని ఓడ మీద పాట ఉంటుందని ఎన్నడూ ఊహించలేదు. ఒడ్డున ఉన్నవారికి ఓడ మూగది. అప్పుడప్పుడు వేసే కూత తప్ప దాని గొంతు మనకు తెలియదు. ఆ గొంతు ఎంత సందడిదో 2024 డిసెంబరులో, నా నలభై ఏడో ఏట తెలిసింది.

అమెరికాలో స్థిరపడిన మా చెల్లెలు, మరిది, వారి పదహారేళ్ళ అమ్మాయితో కలిసి మయామీ రేవులో ఒక విహారనౌక ఎక్కాను. ఏడు రోజుల కరేబియన్ యాత్ర. ఆ ఓడ పేరు చెప్పను. నేను చెప్పబోయేది ఏ ఒక్క ఓడ కథా కాదు.

ఓడ ఎక్కగానే అందరూ పరుగెత్తేది పై అంతస్తులోని ఈతకొలను దగ్గరికే. ఆ డెక్కును లిడో అంటారు. వెనిస్ నగరం ముంగిట సముద్రానికి అడ్డుగా ఉన్న ఇసుక దీవి పేరు లిడో. అది సంపన్నులు సముద్రస్నానాలకు వెళ్ళే విహారస్థలం. 1932లో తొలియాత్ర చేసిన ‘రెక్స్’ అనే ఇటలీ నౌక, ఆరుబయట ఈతకొలనులు కట్టి, ఆ తీరాన్ని ఓడ మీదికే తెచ్చిపెట్టింది. ఆ రోజుల్లో ఓడ ఇంకా ప్రయాణసాధనమే. 1958 అక్టోబరులో జెట్ విమానాలు అట్లాంటిక్ మీదుగా ప్రయాణికులను చేరవేయడం మొదలుపెట్టాక, రోజుల తరబడి ఓడలో వెళ్ళవలసిన అవసరం తీరిపోయింది. గమ్యం పోగొట్టుకున్న ఓడలు వెచ్చని సముద్రాలకు తరలివచ్చి, ప్రయాణాన్నే గమ్యంగా అమ్మసాగాయి. 1970లో ఇటువంటి విహారానికే ప్రత్యేకంగా కట్టిన ‘సాంగ్ ఆఫ్ నార్వే’ బయలుదేరింది. దాని పేరు ఒక సంగీత నాటకానిది. 2024 జనవరిలో యాత్రలు ఆరంభించిన ‘ఐకాన్ ఆఫ్ ది సీస్’ మీద ఏడు ఈతకొలనులు ఉన్నాయంటే, ఈ వ్యాపారం ఎంత దూరం వచ్చిందో గ్రహించవచ్చు.

కొలను ఉన్నచోట సంగీతం ఉండితీరాలి. అది అక్కడి నియమం. మా ఓడ రేవు విడిచే వేళ డెక్కు మీద దాదాపు వెయ్యిమంది గుమిగూడారు. కొలనుకు పైన, వంతెన వంటి చిన్న వేదిక మీద ఒక యువకుడు చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని నిలుచున్నాడు. అతడే డీజే. దక్షిణాఫ్రికా వాడట. పెద్ద పెద్ద లౌడ్‌స్పీకర్ల మోతకు నా చేతిలోని గ్లాసు సన్నగా వణికింది. ఓడ కదిలినప్పుడు వేసిన కూత కూడా ఆ మోతలో తాళంలా కలిసిపోయింది.

నేను చెవులు మూసుకుని ఒక మూలకు చేరాను. మా చెల్లెలి కూతురు నన్ను అక్కడ ఉండనివ్వలేదు. “పెద్దమ్మా, చూస్తూ ఉండు” అని డీజే దగ్గరికి వెళ్ళి ఏదో చెప్పి వచ్చింది. రెండు నిమిషాల్లో 2023లో ఆస్కారు గెలుచుకున్న ‘నాటు నాటు’ ఆ సముద్రం మీద మోగింది. బ్రెజిల్ వారు, మెక్సికో వారు, ఏ దేశమో తెలియని తెల్లజుట్టు దంపతులు, అందరూ కాళ్ళు కదిపారు. ఇరవై ఏళ్ళుగా తెలుగు నుంచి ఆంగ్లంలోకి, ఆంగ్లం నుంచి తెలుగులోకి మాటలు మోస్తున్న నాకు, ఒక్క మాటా అర్థం కాకుండానే ఆ పాట అంతమందికి చేరడం చూస్తే సంతోషంతోపాటు కొంచెం అసూయ కూడా కలిగిందని ఒప్పుకోవాలి.

మరునాడంతా ఓడ ఎక్కడా ఆగకుండా నడిచింది. మధ్యాహ్నం పన్నెండున్నరకు డీజే దిగిపోయాడు. ఆ స్థానంలోకి పూలచొక్కా తొడుక్కున్న ఒక మనిషి వచ్చాడు. అరవై ఏళ్ళు ఉండవచ్చు. మూడు కాళ్ళ పీట మీద తళతళలాడే ఇనుప గిన్నె ఒకటి నిలిపి, పక్కన ల్యాప్‌టాప్ తెరిచాడు. ల్యాప్‌టాప్ నుంచి డ్రమ్ములూ గిటారూ వినవచ్చాయి. దానిమీద అతడు రెండు పుల్లలతో గిన్నెను మృదువుగా తట్టసాగాడు. గంటల వంటి, జలతరంగం వంటి నాదం గాలిలో పరుచుకుంది. అది స్టీల్‌పాన్.

ఎవరూ తల ఎత్తలేదు. కొందరు ఒంటికి ఎండమందు రాసుకుంటున్నారు. కొందరు నిద్రపోతున్నారు. పాట ముగిసింది. చప్పట్లు లేవు. మరొకటి మొదలైంది. నా చేతిలో నవల ఉంది. అరగంటసేపు అదే పుట తెరిచి ఉంచి, అతన్నే చూస్తూ కూర్చున్నాను.

ఈ వాద్యం పుట్టుక వింటే, ఈతకొలను పక్కన దాన్ని చూసినప్పుడు మనసు ఒకలా ఉండదు. దాని పుట్టిల్లు వెనిజులా తీరానికి చేరువగా ఉన్న ట్రినిడాడ్ దీవి. బానిసత్వం నుంచి విడుదలైన ఆఫ్రికా సంతతి వారు అక్కడ కార్నివాల్ పండుగలో డోళ్ళు మోగించేవారు. 1881లో ఆ ఉత్సవంలో పోలీసులకూ జనానికీ పెద్ద ఘర్షణ జరిగింది. 1884లో బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన శాసనం డోళ్ళ మోతను అణచివేసింది. చేతిలోని డోలును లాక్కోవచ్చు గాని, చేతిలోని తాళాన్ని ఎవరు లాక్కోగలరు? జనం వెదురు గొట్టాలు నరికి, నేలకు మోది తాళం వేశారు. 1930ల్లో బిస్కట్ డబ్బాలు, రంగు డబ్బాలు, చెత్తకుండీల మూతలు వచ్చి చేరాయి. ట్రినిడాడ్ చమురు దొరికే దీవి. పైగా రెండవ ప్రపంచయుద్ధ కాలంలో అక్కడ అమెరికా సైనిక స్థావరాలు వెలిశాయి. 55 గ్యాలన్ల నూనె పీపాలకు కొదవ లేకపోయింది.

పీపా అడుగు భాగాన్ని సుత్తితో కొట్టి కొట్టి గిన్నెలా లోపలికి దించుతారు. నిప్పుల మీద కాస్తారు. ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క బుడిపెను మళ్ళీ సుత్తితోనే పైకి లేపి శ్రుతి చేస్తారు. అంచున పెద్ద బుడిపెలు మంద్రస్వరాలు పలికితే, నడుమనున్న చిన్నవి తారస్వరాలు పలుకుతాయి. వాయించే పుల్లల కొనలకు రబ్బరు చుడతారు. ఈ విద్యకు రూపం ఇచ్చినవారిలో విన్‌స్టన్ ‘స్ప్రీ’ సైమన్, ఎల్లీ మానెట్, ఆంథొనీ విలియమ్స్ అనే ముగ్గురు ముఖ్యులు. మొదట్లో ఈ వాద్యకారులను వీధిరౌడీలుగా చూసేవారు. మర్యాదస్థులు తమ పిల్లలను ఆ పెరళ్ళ ఛాయలకు పోనిచ్చేవారు కారు. 1951లో ఎంపిక చేసిన ఒక బృందం, ఓడలోనే, బ్రిటన్ ఉత్సవానికి లండన్ వెళ్ళి వాయించింది. తుక్కు ఇనుములో ఇంత సంగీతం ఉన్నదా అని అక్కడివారు విస్తుపోయారు. 1992లో ట్రినిడాడ్ దాన్ని తమ జాతీయ వాద్యంగా ప్రకటించుకుంది.

మూడోనాటి ఉదయం, జనం ఇంకా రాకముందు, అతడు మెత్తని గుడ్డతో పాన్‌ను తుడుస్తూ కనిపించాడు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా దానికి క్రోమియం పూత పూస్తారట. పలకరించాను. నేను ఆంధ్ర దేశం నుంచి వచ్చానని, ఒకనాటి మద్రాసు రాష్ట్రపు ఉత్తర భాగమని చెప్పగానే చెయ్యి ఆపాడు.

“మా అమ్మమ్మ వాళ్ళను ఊళ్ళో మద్రాసీలు అనేవారు” అన్నాడు.

1845 మే 30న మొదటి ఓడ ట్రినిడాడ్ తీరం చేరింది మొదలు 1917 వరకు, సుమారు 1,43,000 మంది భారతీయులు చెరకు తోటల కూలికి ఒప్పందాల మీద ఆ దీవికి వెళ్ళారు. అత్యధికులు కలకత్తా రేవు నుంచి వెళ్ళినవారు. మద్రాసు నుంచి వెళ్ళిన కొద్దిమందిలో తమిళులూ తెలుగువారూ ఉన్నారు.

“ఆమె ఏ భాష మాట్లాడేది?” అని అడిగాను. ఊపిరి బిగబట్టి అడిగానని తరువాత గాని తోచలేదు.

“భాష పేరు తెలియదు. ఒక్క మాటయినా మాకు మిగల్లేదు. కాని తాసా మాత్రం ఉంది. మా మేనమామ హోసే పండుగలో వాయించేవాడు. వాయించేముందు నిప్పుల సెగకు కాచేవాడు.”

హోసే అంటే మొహర్రం; మన పల్లెల్లో పీర్ల పండుగ. ఇక్కడ వలెనే అక్కడా హిందువులూ ముస్లిములూ కలిసి దాన్ని జరుపుకునేవారు. 1884 అక్టోబరు 30న శాన్ ఫెర్నాండోలో ఆ ఊరేగింపుపై పోలీసులు కాల్పులు జరిపి పలువురిని చంపారు. కార్నివాల్ డోళ్ళను అణచిన సంవత్సరమే ఇదీ జరిగింది. అయినా తాసా బతికింది. మన ఊళ్ళలో డప్పును చితుకుల మంట మీద వేడిచేసే దృశ్యం నా కళ్ళలో మెదిలింది. భాష పోయింది; తాళం మిగిలింది. అనువాదకురాలినైన నాకు ఆ మాట ములుకులా గుచ్చుకుంది.

“ఈ డీజే కుర్రవాడు వచ్చి మీ పొట్ట కొడుతున్నాడా?” అని అడిగాను.

అతడు నవ్వాడు. “అతనిదీ మా సముద్రపు విద్యే” అన్నాడు.

నిజమే. 1940లు, 50ల్లో జమైకాలోని కింగ్‌స్టన్ వీధుల్లో, వాద్యబృందాన్ని పిలిపించుకోలేని పేదలు, పెద్ద లౌడ్‌స్పీకర్లు నిలబెట్టి రికార్డులు మోగించుకుని నాట్యమాడేవారు. అక్కడే 1955లో పుట్టి న్యూయార్కు చేరిన కూల్ హెర్క్ అనే యువకుడు, 1973 ఆగస్టు 11న బ్రాంక్స్‌లో తన చెల్లెలు ఏర్పాటు చేసిన విందులో రెండు రికార్డులు తిప్పుతూ వేసిన దరువును హిప్‌హాప్ సంగీతానికి పుట్టినరోజుగా చెప్పుకుంటారు. 2023లో ఐక్యరాజ్యసమితి ప్రపంచ స్టీల్‌పాన్ దినంగా నిర్ణయించినదీ ఆగస్టు 11నే. డీజే, పాన్ ఒకే వాడకట్టు బిడ్డలని ఆ తేదీ కూడా సాక్ష్యమిస్తున్నట్లు ఉంటుంది.

“నేను మొదట ఓడ ఎక్కినప్పుడు మేము అయిదుగురం. తరువాత ముగ్గురం. ఇప్పుడు నేను, ఈ ల్యాప్‌టాప్. డీజే నాకు శత్రువు కాదు. రేపు అతని చోట ఒక పాటల జాబితా ఉంటుంది, మీట నొక్కితే చాలు. వాయించేది మనిషో యంత్రమో వినేవారికి పట్టనప్పుడు, కంపెనీ మనిషికి ఎందుకు జీతమివ్వాలి? నా ఒప్పందం ఆరు నెలలకోసారి. ఈసారి మళ్ళీ రాస్తారో లేదో.”

ఆ మాటల్లో ఫిర్యాదు లేదు. లెక్క ఉంది.

ఓడల మీద సంగీతకారుల లెక్క మొదటి నుంచీ ఇలాంటిదే. 1912లో టైటానిక్ మునిగినప్పుడు చివరిదాకా వాయించిన ఎనిమిదిమందీ మరణించారు. వారు ఓడ కంపెనీ ఉద్యోగులు కారు; లివర్‌పూల్‌లోని ఒక ఏజెన్సీ మనుషులు. వారిలో ఒక వయొలిన్ వాద్యకారుని తండ్రికి ఆ నెలలోనే ఏజెన్సీ ఉత్తరం రాసింది. సంతాపానికి కాదు, కొడుకు యూనిఫారం తాలూకు బాకీ తీర్చమని. లోకం వారిని వీరులని పొగిడింది. పద్దు పుస్తకం మాత్రం బాకీదారులుగానే చూసింది.

తరువాతి రెండు రోజులు సాన్ హ్వాన్ కోట, సెయింట్ థామస్ కొండలు చూశాం. అందమైన చోట్లే. కాని పన్నెండున్నర ఎప్పుడవుతుందా అని నా మనసు డెక్కు మీదనే ఉండేది. ఒక విషయం క్రమంగా అర్థమైంది. ఆరుబయట డెక్కు మీద గోడలు లేవు. వయొలిన్ వంటి సున్నితమైన వాద్యం లౌడ్‌స్పీకర్ల సాయం లేకుంటే అక్కడి గాలికి కొట్టుకుపోతుంది. పాన్ గొంతు అలా కాదు. అది వీధిలో, ఊరేగింపులో, పదిమంది కేకల నడుమ వినిపించడానికి పుట్టిన గొంతు. గాలిని చీల్చుకుని వస్తుంది. వినకూడదనుకున్నవారి చెవిన కూడా పడడానికే దాన్ని తయారుచేశారు. వినీ విననట్లు పడుకున్న మనుషుల నడుమ అది మోగడం ఎంత విడ్డూరం!

చివరి రోజు కార్యక్రమ పత్రంలో అతనికి గంట వ్యవధి ఉంది. కొలనులోకి బొక్కబోర్లా దూకే పోటీ పొడిగించడంతో అది అరగంటకు కుదించుకుపోయింది. న్యాయనిర్ణేతల అరుపులు ముగిశాక అతడు వచ్చి నిలుచున్నాడు. నేను కుర్చీని వేదిక ముందుకు లాక్కున్నాను. మా చెల్లెలి కూతురు ఫోను లోపల పెట్టి నా పక్కన కూర్చుంది. తెల్లజుట్టు దంపతులు కూడా కుర్చీలు తిప్పుకున్నారు. ఎదుట కుర్చీలు కనిపించగానే అతడు ల్యాప్‌టాప్ మూసేశాడు. వెనుక వాద్యాలేవీ లేకుండా, ఒక్క పాన్ మీద, ఏదో నెమ్మదైన పాట ఎత్తుకున్నాడు. అది ఏ పాటో అడగలేదు. ముగిసినప్పుడు ఏడెనిమిది మందిమి చప్పట్లు కొట్టాం. డీజే కూడా మెట్ల దగ్గర నిలబడి కొట్టాడు. ఆ ముసలాయన ఏమీ అనలేదు. పుల్లతో పాన్ అంచును రెండుసార్లు తట్టాడు, అంతే.

అతని ఒప్పందం తిరిగి రాశారో లేదో నాకు తెలియదు. ఏడెనిమిది మంది చప్పట్లు పద్దు పుస్తకానికి ఎక్కవు. కాని వినడమంటే ఊరక కూర్చోవడం కాదనీ, ఎదుటి మనిషిని అక్కడ నిలబెట్టే పనిలో మన వంతనీ ఆ అరగంటలో నేను నేర్చుకున్నాను. పుస్తకం చదివేటప్పుడు లోపలి పుటలో చిన్న అక్షరాల్లో ఉన్న అనువాదకుని పేరు ఎవరైనా చూస్తే కలిగే సంతోషం నాకు తెలుసు గనుక, ఈ మాట ధైర్యంగా చెప్పగలను.

2022 జూన్‌లో మా విశాఖ రేవు నుంచి కూడా ఒక విహారనౌక పుదుచ్చేరి, చెన్నైల దిక్కుగా యాత్రికులతో బయలుదేరింది. 2023లో అందుకోసం ప్రత్యేక టెర్మినల్ కూడా వెలిసింది. అటువంటి ఓడ ఎక్కి, కొలను గట్టున పడుకున్న మనవారికి ఎవరైనా ఒక మనిషి తన చేతులతో ఏదైనా వాయిస్తూ వినిపిస్తే, దయచేసి ఒక్కసారి తల ఎత్తి చూడండి. ఆ నాదం ఎన్ని సముద్రాలు దాటి వచ్చిందో! అందులో మన నిప్పుల సెగ కూడా ఉన్నదేమో!