అక్క ఫోన్లో ప్రశ్న

మా అక్కకి రొమ్ము క్యాన్సర్ వైద్యం పూర్తయి రెండేళ్ళు. ఇప్పుడు రోజుకో టామోక్సిఫెన్ మాత్ర, ఆర్నెల్లకోసారి చెకప్, అంతే. గండం గడిచిందని మేమంతా ఊపిరి పీల్చుకున్నాం.

మొన్న మా ఇంటికొచ్చినప్పుడు, అర్ధరాత్రి వంటింట్లో లైటు వెలుగుతుంటే వెళ్ళి చూశాను. ఫోన్లో చాట్‌జీపీటీని తెలుగులో అడుగుతోంది! ఒళ్ళంతా సెగలు, చెమటలు, మాత్ర మానెయ్యనా అని. ఆ మందుతో చాలామందికి అలా అవుతుందనీ, సొంతంగా మానొద్దనీ, ఎప్పుడెప్పుడు వస్తున్నాయో రాసుకుని డాక్టరుకి చూపించమనీ చెప్పిందది. అడగాల్సిన ప్రశ్నలు కూడా వరసగా రాసిచ్చింది.

దాని కింద అక్క ఇంకో మాట రాసింది. "మళ్ళీ వస్తుందేమోనని నిద్ర పట్టడం లేదు."

"ఇంట్లో ఎవరికైనా చెప్పారా?" అని ఉంది జవాబు. ఆ తర్వాత అక్క ఏమీ రాయలేదు.

"నాకు చెప్పొచ్చుగా అక్కా?"

"చెప్పబోతే 'ఛ, అవేం మాటలు' అని నోరు మూయించేది నువ్వే కదే!"

నిజమే. ధైర్యం చెబుతున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ.

మజ్జిగ కలిపిచ్చి పక్కన కూర్చున్నాను. తెల్లారేదాకా చెప్పింది. నేను మధ్యలో అడ్డురాలేదు.

చెకప్‌కి ఆ ప్రశ్నల చీటీ పట్టుకుని నేనూ వెళ్ళాను. డాక్టరుగారు ఒక్కోదానికీ ఓపిగ్గా జవాబు చెప్పారు. ఇప్పుడు రాత్రుళ్ళు నిద్ర పట్టకపోతే అక్క నాకే ఫోన్ చేస్తోంది.