సుగ్గి కాలంలో కోసిగి

జనవరిలో గుంతకల్లు నుంచి రైల్లో కోసిగి వెళ్లాను. ఆదోని దాటాక కిటికీ పక్కన నల్లరేగడి, ఏరేసిన పత్తి మోళ్లు. చేతిలో మార్గరెట్ ఆట్‌వుడ్ 1985లో ప్రచురించిన నవల. ఆడవాళ్ల చదువు, పేరు, చివరికి ఒళ్లు కూడా లాగేసుకున్న రాజ్యం కథ అది. చరిత్రలో ఎక్కడా జరగనిదేదీ అందులో పెట్టకూడదని ఆమె నియమం పెట్టుకుని రాశారు.

ఊళ్లో వీధంతా తాళాలే. కన్నడంలో సుగ్గి అంటే పంటకోతల కాలం. ఇక్కడ మాత్రం వలస. ఖరీఫ్ పంట చేతికొచ్చీ రాకముందే గుంటూరు వైపు మిరప కోతలకు, తెలంగాణకు, కర్ణాటకకు పిల్లాజెల్లాతో కదిలిపోతారు. మిగిలేది ముసలివాళ్లే.

అరుగు మీద వేరుశనక్కాయలు వొలుస్తున్న అవ్వ పక్కన కూర్చున్నాను. మనవరాలి పెళ్లి తొమ్మిదో తరగతిలోనే చేశారట. ఎందుకని అడిగాను.

"వయసొచ్చిన పాపను ఒంటిగా ఇడిసిపెట్టి సుగ్గికి ఎట్ల పోవల్ల తల్లీ? ఒకనికి కట్టబెడితే నిద్ర పడ్తాది."

ఆమె చేతులు ఆగలేదు. రైల్లో చదివిన నవల్లోని క్రూరత్వం ఆ మాటలో లేదు, భయం ఉంది. కానీ ఆ భయానికి వెల చెల్లించేది మాత్రం ఆడపిల్లే. 2006 బాల్యవివాహ నిషేధ చట్టం పెళ్లికి ఆడపిల్లకు పద్దెనిమిదేళ్లు నిండాలంటుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 20–24 ఏళ్ల స్త్రీలలో 29.3 శాతం మందికి ఆ వయసు లోపే పెళ్లయింది.

మర్నాడు ఓ బాలికల హాస్టల్‌కు వెళ్లాను. ఓ పిల్ల మంచం కింద ఇనప ట్రంకుపెట్టె, మూత మీద తెల్ల పెయింటుతో పేరు. తాళంచెవి మెడలో నల్లదారానికి కట్టుకుంది ఆ పిల్ల. పెట్టెలో రెండు జతల బట్టలు, మడత నలగని పదో తరగతి మార్కుల జాబితా. సంబంధం ఖాయమైన రోజు అన్నం మానేసిందట. మూడో రోజు టీచరమ్మకు ఫోన్ చేసింది.

"మా నాయన మంచోడే అక్కా. నేను యాడుండాల్నో తెలీక భయపడినాడు. ఈడ సీటు దొరికినాక ఇంగ పెళ్లి మాట ఎత్తలే."

2024లో ఇదే జిల్లాలో, ఇంట్లో తలపెట్టిన పెళ్లిని ఎదిరించి కస్తూర్బా విద్యాలయంలో చేరిన అమ్మాయి ఇంటర్ మొదటి సంవత్సరంలో 440కి 421 మార్కులు తెచ్చుకుంది. పత్రికలన్నీ ఆమె ధైర్యాన్ని రాశాయి, న్యాయమే. నాకు మాత్రం ఆ ధైర్యానికి ఆసరా అయిన హాస్టల్ సీటు కూడా కనిపిస్తోంది. వద్దు అన్న పిల్ల ఆ రాత్రి ఎక్కడ పడుకోవాలి? జవాబు లేని ఊళ్లో ఎంత తెగువైనా తలవంచాల్సిందే.

సుగ్గి బళ్లు కదలకముందే వలస వెళ్లేవాళ్ల పిల్లల కోసం పెట్టే సీజనల్ హాస్టళ్ల తలుపులు అధికారులు తెరవాలి. మీ వీధిలో బడి మానేసిన పిల్ల ఇంటిముందు పందిరి లేస్తుంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.