అద్దంలో వెనక బండి

మా పక్క ఆఫ్‌రోడింగ్ క్లబ్బు ఉందని చెబితే కాలేజీలో అందరూ నవ్వుతారు. "మీ పక్క రోడ్డు ఉంటే కదరా ఆఫ్‌రోడ్డు" అంటారు. సగం నిజమే. మ్యాపులో ఆదోని, యెమ్మిగనూరు, మంత్రాలయం కలిపి గీస్తే ఒక ముక్కోణం వస్తుంది. దాని లోపల నల్లరేగడి పొలాలు, వంకలు, బండరాళ్ళ గుట్టలు ఉంటాయి. పైన తుంగభద్ర ఇసుక. జీపు ఉన్నవాళ్ళకి ఇంతకంటే ఏం కావాలి?

ఈ మూడు ఊర్లలో ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లు ఉన్నవాళ్ళు కలిసి ఒక పెద్ద క్లబ్బుకి శాఖగా ఏర్పడ్డారు. మొదట్లో 23 బండ్లు ఉండేవి. 2020లో కొత్త థార్ వచ్చాక కొన్నవాళ్ళే ఎక్కువ. రెండు జిప్సీలు, ఒక గూర్ఖా, తర్వాత వచ్చిన జిమ్నీలు కూడా ఉన్నాయి. అన్నిటికంటే పాతది మా చిన్నాయన ఎంఎం 540. అందులో ఏసీ లేదు, పవర్ స్టీరింగ్ లేదు, డోర్లు కూడా సరిగ్గా లేవు. ఇంజను శబ్దానికి లోపల మాట్లాడుకోవాలంటే అరవాలి.

రెండేళ్ళు బాగానే నడిచింది. ఆ తర్వాత ఆదివారం డ్రైవుకి 23 కాస్తా 15 అయింది, తర్వాత 9, చివరికి 6. వాట్సాప్ గ్రూపులో పండగ శుభాకాంక్షలు మాత్రం ఎవరూ తప్పేవాళ్ళు కాదు. "ఈ వారం ఎవరెవరు వస్తారు?" అని అడిగితేనే గ్రూపంతా నిశ్శబ్దం.

ఎందుకు ఇలా అయిందని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కారణం చెబుతారు. ఆదోని వాళ్ళు డ్రైవు ఎప్పుడూ యెమ్మిగనూరు నుంచే మొదలవుతుందంటారు. యెమ్మిగనూరు వాళ్ళు లెక్కలన్నీ ఆదోనిలోనే ఉంటాయంటారు. ఆదోనికి, యెమ్మిగనూరుకి మధ్య దూరం దాదాపు 30 కిలోమీటర్లే. కానీ పొద్దున ఐదు గంటలకు లేచి ప్రతిసారీ మనమే అవతలి ఊరికి పోవాలంటే ఆ దూరం మూడింతలు అనిపిస్తుంది. అందరూ డబ్బులేసుకుని కొన్న రికవరీ తాళ్ళు, షాకిల్స్, గాలి కొట్టే కంప్రెసర్ ఒకరి ఇంట్లోనే ఉండిపోయాయి. పాత జీపుల వాళ్ళకి కొత్త బండ్ల వాళ్ళ రీల్స్ నచ్చవు. కొత్త బండ్ల వాళ్ళకి పాత జీపుల కోసం ఆగడం నచ్చదు.

ఇవన్నీ లోపల ఉడుకుతూ ఉన్నాయి. బయటపడింది మాత్రం ఒక వానాకాలం ఆదివారం. నల్లరేగడి గురించి తెలియనివాళ్ళకు ఒక మాట. ఎండాకాలంలో చెయ్యి దూరేంత పగుళ్ళు ఇచ్చే ఆ నేలే నాలుగు చినుకులు పడితే ఉబ్బి బంకలా మారుతుంది. టైరు గాడుల్లో బురద పూడిపోయి టైరు నున్నగా అయిపోతుంది. అప్పుడు ఎంత ఖరీదైన బండైనా ఒకటే. ఆ రోజు ముందున్న నాలుగు బండ్లు వంక దాటి వెళ్ళిపోయాయి. మా జీపు వంక గట్టు మీద ఇరుసు దాకా దిగబడింది. ఫోన్ చేస్తే సిగ్నల్ లేదు. ముందువాళ్ళు వెనక్కి చూసుకోలేదు. గంటన్నర తర్వాత ఒక రైతు ట్రాక్టర్ తెచ్చి లాగాడు. డబ్బులు ఇస్తే తీసుకోలేదు కానీ, "ఇన్ని బండ్లు కలిసి వస్తిరి, ఒక్కడన్నా నిలబడల్యా?" అన్నాడు. చిన్నాయన దానికి జవాబు చెప్పలేదు. ఇంటికి వచ్చేదాకా నాతో కూడా మాట్లాడలేదు.

ఆ సాయంత్రమే ఒక వాట్సాప్ గ్రూపు రెండయింది.

దసరా సెలవులకి ఇంటికి వెళితే చిన్నాయన జీపుకి బేరం పెట్టాడని తెలిసింది. "ఒక్కణ్ణే తిరిగేదానికి జీపెందుకురా" అన్నాడు. అది నాకు చాలా కష్టంగా అనిపించింది. నాకు గేర్లు వెయ్యడం వచ్చింది ఆ జీపులోనే. పైగా పత్తి అంగడి తప్ప వేరే లోకం లేని మనిషి ఆదివారం వస్తే నలుగురితో నవ్వుతూ కనిపించేది ఆ క్లబ్బులోనే. "నువ్వు కంప్యూటర్ సదువుతుండావు గదరా, ఆ గ్రూపుకేదన్నా రిపేరు చెయ్యరాదా?" అని కూడా అన్నాడు. సీఎస్ఈ వాళ్ళందరికీ ఈ బాధ తెలిసిందే. మన చుట్టాల దృష్టిలో ప్రింటర్, వాట్సాప్, మనుషుల మధ్య గొడవలు అన్నీ ఒకే సిలబస్.

యాప్ చేద్దామా అని నేనూ ఆలోచించాను. కానీ అప్పటికే ఒక యాప్‌లో రెండు గ్రూపులు ఉన్నాయి, మూడోది దేనికి? పెద్ద క్లబ్బు వాళ్ళు మొదట్లో ఇచ్చిన నియమాల కాగితం ఇంట్లో దొరికితే చదివాను. అందులో ఒక నియమం ఉంది. ఆఫ్‌రోడింగ్ చేసేవాళ్ళందరూ పాటించేదే. కాన్వాయ్‌లో ప్రతి డ్రైవరూ తన వెనక బండికి బాధ్యుడు. అద్దంలో వెనక బండి కనిపించకపోతే ఆగాలి. మలుపు వస్తే, వెనకవాడు ఆ మలుపు చూశాడని తెలిసేదాకా కదలకూడదు. నువ్వు ఆగితే నీ ముందువాడికి నువ్వు కనిపించవు కాబట్టి అతనూ ఆగుతాడు. అలా సిగ్నల్ లేకుండానే చివరి బండి కబురు మొదటి బండిదాకా చేరుతుంది.

డేటా స్ట్రక్చర్స్ చదివినవాళ్ళకి వెంటనే లింక్డ్ లిస్ట్ గుర్తొస్తుంది. ప్రతి నోడ్ తన తర్వాతి నోడ్ అడ్రస్ ఒక్కటే దాచుకుంటుంది. లిస్ట్ మొత్తం ఎవరికీ తెలియక్కర్లేదు. కానీ మధ్యలో ఒక్క పాయింటర్ పోతే ఆ తర్వాతివన్నీ పోయినట్టే. మా శాఖకి జరిగింది ఇదే అనిపించింది. లీడర్ లేక కాదు, లీడర్లు ఎక్కువే ఉన్నారు. నా వెనక ఎవరున్నారు అని చూసేవాళ్ళు లేరు.

ఇది చెబితే చిన్నాయన కాసేపు ఆలోచించి మంత్రాలయంలో కూర్చుందాం అన్నాడు. అది ఆదోనీ కాదు, యెమ్మిగనూరూ కాదు. పైగా రాఘవేంద్రస్వామి మఠం దగ్గర ఎవరూ గొంతు పెంచరని ఆయన లెక్క. పదమూడు మంది వచ్చారు. గొంతులు పెరిగాయి కూడా. కానీ జిప్సీ ఉన్న ఒక టీచర్‌గారు 2009 ఎత్తారు.

2009 అక్టోబరులో తుంగభద్ర పొంగి మంత్రాలయాన్ని ముంచేసింది. మఠంలోకి నీళ్ళొచ్చాయి, భక్తులు చిక్కుకుపోయారు. అప్పుడు నాకు మూడేళ్ళు, విన్నదే తప్ప చూసింది లేదు. అక్కడున్న సగం మంది చూసినవాళ్ళే. "మళ్ళీ అట్ల వస్తే మనం ఎన్ని బండ్లు తెస్తాం? ఇప్పుడు చెప్పండి" అన్నారు ఆయన. వరద నదిలోకి జీపుతో దిగమని కాదు. కొత్త థార్ దిగగలిగే నీటి లోతు 650 మిల్లీమీటర్లని కంపెనీ లెక్క, అంటే దాదాపు మోకాలు దాటి కొంచెం పైకి. తుంగభద్ర ఆ లెక్క చూడదు. కానీ రోడ్లు తెగిన ఊర్లకి మందులు, నీళ్ళు, ముసలివాళ్ళను చేర్చడానికి ఈ బండ్లే పనికొస్తాయి. 2018 కేరళ వరదల్లో అక్కడి ఆఫ్‌రోడ్ క్లబ్బుల వాళ్ళు ఆ పనే చేశారు. వాళ్ళు ఆ వారమే పరిచయమైనవాళ్ళు కాదు. ప్రతి ఆదివారం ఒకరినొకరు బురదలోంచి లాక్కున్నవాళ్ళు.

ఆ మాటతో గొడవ ఆగిపోయిందని చెప్పను. కానీ మాట్లాడే విషయం మారింది. చివరికి తేలినవి ఇవి. డ్రైవు ఒక నెల ఆదోని నుంచి, ఒక నెల యెమ్మిగనూరు నుంచి, ఒక నెల మంత్రాలయం నుంచి మొదలవ్వాలి. రికవరీ సామాను ఎవరి ఇంట్లోనూ ఉండకూడదు. ఆ నెల చివరి బండిగా వచ్చేవాళ్ళ దగ్గర ఉండాలి. లెక్కలు అందరూ చూడగలిగే ఒకే షీట్‌లో పెట్టాలి, అది చేసే పని నాది. వానలు పడ్డ వారం నల్లరేగడిలోకి పోకూడదు. ఇసుకలోకైనా, గుట్టల్లోకైనా పోవచ్చు. విత్తిన పొలంలో చక్రం పెట్టిన బండి ఆ రోజుకి ఇంటికి పోవాల్సిందే. వేగం నెమ్మది బండిదే.

చివరి నియమానికే ఎక్కువ వాదన జరిగింది. "అంత డబ్బు పోసి కొన్నది ఎంఎం 540 వెనక పాకడానికా?" అని ఒకాయన. సాయంత్రం కావాల్సినవాళ్ళు విడిగా గుట్టల్లో ఆడుకోవచ్చని ఒప్పుకున్నాక ఆయన తగ్గారు.

చిన్న ఊర్లలో ఇలాంటి క్లబ్బులు నిలబడవని నేనూ అనుకునేవాణ్ణి. కానీ జీపుల ప్రపంచంలో బాగా పేరున్న రూబికాన్ ట్రయల్ జాంబోరీ 1953లో మొదలుపెట్టింది కాలిఫోర్నియాలోని జార్జ్‌టౌన్ అనే చిన్న ఊరివాళ్ళే. ఇప్పటికీ ఏటా జరుగుతోంది. అంత దూరం పోనక్కర్లేదు. మా యెమ్మిగనూరులోనే మాచాని సోమప్పగారు 1938లో చేనేతవాళ్ళను కలిపి సహకార సంఘం పెట్టారు. మగ్గం ఎవరింట్లో వాళ్ళదే, నూలు కొనడం, బట్ట అమ్మడం మాత్రం కలిసి. జీపులు సరదా, మగ్గం బతుకు, రెండూ ఒకటి కావు. కానీ ఎవరి సొంతం వాళ్ళకు ఉంటూనే దేన్ని కలిపి ఉంచుకోవాలో తేల్చుకోవడం ఈ నేలకి కొత్త కాదని తెలిసింది.

ఇప్పటికి నాలుగు డ్రైవులు అయ్యాయి. 11, 14, 12, 14 బండ్లు వచ్చాయి. 23 ఇంకా కాలేదు. ఇద్దరు అసలు రామన్నారు, ఒకాయన బండే అమ్మేశారు. రెండో వాట్సాప్ గ్రూపు ఇంకా ఉంది, కానీ అందులో ఇప్పుడు పండగ శుభాకాంక్షలే వస్తాయి. మూడో డ్రైవులో ఇసుకలో ఒక జిమ్నీ కూరుకుపోతే, టైర్లలో గాలి 18 పీఎస్ఐకి తగ్గించి ముందుకి నెట్టడానికి ముందున్న థార్ ఆయనే దిగి వచ్చారు. వంక దగ్గర మమ్మల్ని వదిలి వెళ్ళిన నలుగురిలో ఆయన ఒకరు. చిన్నాయన ఏమీ అనలేదు, గాలి చూసే గేజు చేతికి ఇచ్చాడు.

జీపు బేరం ఏమైందని అడిగితే "వానికి ఇంకా పైకం దొరకలేదంట" అంటున్నాడు. నేను ఇంకేమీ అడగలేదు. వచ్చే నెల వంతు యెమ్మిగనూరుది. చివరి బండి మాదే, సామానంతా వెనక సీటు కింద సర్ది పెట్టాను.